రెండో బ్రేకు

ఆ పాదాలు ఒక్కసారి కదిలితే చాలు, తనూ కాస్త వెనక్కి వాలి కూర్చోవచ్చు అనుకుంటోంది ఆమె. బూడిదరంగు మేజోళ్ళలో రెండు పాదాలు, పాత సోఫా చేతి మీదనుంచి బయటికి వేలాడుతూ. వీధికి ఇవతల ఆపిన కారులోంచి అంతవరకే కనబడుతుంది. ఆ గది ఒకప్పుడు ఫొటో స్టూడియో. ముందు అద్దానికి లోపలివైపు ఎవరో ఎప్పుడో నల్లరంగు పూసేశారు, తరవాత వచ్చిన పిల్లలు బయటికి చూడ్డానికని ఆ రంగును జానెడు మేర గీకేశారు, ఆ జానెడులోంచే ఆమెకు కూతురు కనబడేది, అదీ పాదాల మేరకు. కుడి మేజోడు మడమ దగ్గర చిరిగింది, నిన్న కుడదామనుకుని మరిచిపోయింది, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, అయినా అక్కడ ఎవరు చూస్తారు, ఎవరి గోల వారిది. పొద్దున పిల్లను దింపి, ఇద్దరికి డ్రైవింగ్ నేర్పి, మధ్యాహ్నం తిరిగొచ్చి చూస్తే అవే పాదాలు, అదే సోఫా. మొన్నా అంతే. పోయిన వారమూ అంతే. పదిహేనేళ్ళ పిల్ల, పట్టపగలు, చుట్టూ అంతమంది ఏదో ఒకటి చేసుకుంటుంటే గుర్రుపెట్టి నిద్రపోవడం. నిద్రపోవడానికి ఇంట్లో మంచం లేదా, ఇంత దూరం పెట్రోలు తగలేసుకుని రావాలా అని మనసులో ఒకసారి విసుక్కుంది, విసుక్కున్నందుకు ఇంకోసారి తనమీద తానే విసుక్కుంది.

కారు ఆపగానే స్టీరింగ్ దగ్గరనుంచి దిగి, అటు తిరిగి వచ్చి, పక్క సీట్లో కూర్చుంది. అలవాటు. పిల్ల పుట్టకముందునుంచీ ఆమె బతుకంతా ఈ పక్క సీట్లోనే గడిచింది, నడిపేవాళ్ళ పక్కన. నేర్చుకునేవాళ్ళ కారు కాబట్టి ఆమె కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, దాని పక్కన ఒక క్లచ్. ఎదుటివాళ్ళు తడబడితే ఆమె కాలు వాళ్ళ కాలుకంటే ముందు పడుతుంది. కన్ను చూసి, మనసుకు చెప్పి, మనసు కాలికి చెప్పేంత వ్యవధి ఉండదు, కాలికే కళ్ళున్నట్టు. బస్సులో ప్రయాణికురాలిగా కూర్చున్నా ఆ కాలు నేలను తొక్కుతూనే ఉంటుంది. నిద్రలో కూడా తొక్కుతావు, నా పిక్కలు వాచిపోయాయి అంటాడు మొగుడు. ఇప్పుడు ఆగి ఉన్న కారులో, ఇంజను ఆపేసి, తాళం చెవి ఒళ్ళో పెట్టుకుని కూడా కుడికాలు ఆ బ్రేకు మీద గట్టిగా ఆనించి కూర్చుంది. ఎక్కడికి పోతుందని ఈ కారు. మోకాలినుంచి నడుము దాకా నరం ఒకటి జివ్వుమని లాగుతోంది, అయినా కాలు తియ్యబుద్ధి కాలేదు.

ఇంకో గంటలో తేలిపోతుంది. ఆ గదికి బడి అని పేరు లేదు, బడి కాదు గనక. వారానికి మూడు రోజులే తెరుస్తారు. పన్నెండేళ్ళనుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలు వస్తారు, ఏం నేర్చుకోవాలో వాళ్ళే అనుకుంటారు, వాళ్ళే నేర్చుకుంటారు, నేర్చుకోకపోతే అదీ వాళ్ళిష్టమే. గంట కొట్టరు, పాఠం చెప్పరు, పరీక్ష పెట్టరు. ఒకడు గడియారాలు విప్పుతాడు, ఇద్దరు అమ్మాయిలు గోడమీద వీధుల పటం గీస్తారు, ఒక పొడుగుపిల్ల రోజంతా లెక్కలు చేస్తుంది, ఎవరూ చెయ్యమనకుండానే. కొత్తగా వచ్చినవాళ్ళు కొన్నాళ్ళు ఊరికే వచ్చి కూర్చోవచ్చు. ఆ ఊరికే కూర్చునే రోజులు ఇవాళ్టితో అయిపోతాయి. సాయంత్రం మూసేముందు అందరూ నేలమీద గుండ్రంగా కూర్చుంటారు, కొత్తపిల్ల తన నోటితో తాను చెప్పాలి, చేరతానని, చేరి మిగతావాళ్ళనుంచి తనకేం కావాలో. చెప్పకపోతే చేరనట్టే లెక్క. పెద్దవాళ్ళు చెప్పడానికి లేదు, పక్కన కూర్చోడానికి కూడా లేదు. ఇంట్లో మొగుడు అన్న మాటా అదే. అది నోరు తెరిచి అడిగితే నాకేం అడ్డం లేదు, అడక్కపోతే మాత్రం సోమవారం మళ్ళీ బడికి పంపుదాం, పేరు ఇంకా కొట్టెయ్యలేదు, మాట్లాడి ఉంచాను అన్నాడు. ఆ గదివాళ్ళూ ఇతనూ కూడబలుక్కున్నట్టు ఒకటే షరతు పెట్టారు, ఆ పిల్లకు ఏది రాదో సరిగ్గా అదే.

మాట్లాడటం రాక కాదు. ఒకప్పుడు కారు వెనక సీట్లో కూర్చుని చెవులు చిల్లులు పడేలా మాట్లాడేది. ఇంట్లో చూసేవాళ్ళు లేక, బుట్టలో బిస్కట్లూ నీళ్ళ సీసా పెట్టి, వెనక సీట్లో కట్టేసినట్టు కూర్చోబెట్టుకుని తిప్పేది ఆమె. నేర్చుకునేవాళ్ళు అటువైపు ఎక్కగానే "సీటు సర్దుకోండి, అద్దం చూసుకోండి" అని వెనకనుంచి గొంతు వచ్చేది, ఆమె నోరు తెరిచే లోపలే. వాళ్ళు నవ్వేవాళ్ళు. తనను మేడమ్ అనేవాళ్ళు గనక దాన్ని చిన్న మేడమ్ అన్నారు. చిన్న మేడమ్ రాలేదేం ఇవాళ, చిన్న మేడమ్‌కి జ్వరమా, చిన్న మేడమ్ పెళ్ళికి మేమే కారు నడుపుతాం. ఏ వంపు దగ్గర ఎవరు భయపడతారో దానికి కంఠతా వచ్చు. రివర్సులో ఎవరి మెడ ఎటు తిరుగుతుందో నటించి చూపించేది, ఇంటికొచ్చాక, మొగుడూ తనూ పొట్ట పట్టుకుని నవ్వేలాగా. ఎవరు నేర్పారు దానికి అదంతా? ఎవరూ నేర్పలేదు. వెనక సీట్లో ఊరికే కూర్చుంది. ఆ పిల్ల మాటలన్నీ ఎప్పుడు ఏ బడి గుమ్మం దగ్గర వదిలేసి వచ్చిందో ఆమెకు తెలియలేదు, ఒకరోజులో జరిగి ఉంటే తెలిసేది, పాత గోడ సున్నం రాలినట్టు రాలుతూ వచ్చింది.

ముందు కడుపునొప్పి. ఆదివారం సాయంత్రం మొదలయ్యేది. డాక్టరు నొక్కి చూశాడు, స్కానింగు తీయించాడు, ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోతే పొద్దున్నే ఆ వాంతులేమిటి. బడిలో ఎవరైనా కొట్టారా అంటే లేదు, తిట్టారా అంటే లేదు, ఏడిపించారా అంటే లేదు. మరేమిటే అంటే, "అలిసిపోయానమ్మా." పదిహేనేళ్ళ పిల్లకు అలుపేమిటి, అలిసిపోవాల్సింది నేను అనేది ఆమె, అంటూనే బట్టలు తొడిగేది, జడ వేసేది, నోట్లో ముద్ద పెట్టేది, స్నానాలగది తలుపు బాదేది. బడి గేటు దగ్గర కారు ఆపితే వెనక వరసలో హారన్లు. దిగు తల్లీ, దిగు, వెనకవాళ్ళు తిడుతున్నారు. దిగేది పాపం. దిగి రెండడుగులు వేసి వెనక్కి తిరిగి చూసేది. ఆ చూపు అద్దంలో పడకుండా ఆమె అద్దాన్ని కొంచెం పక్కకు తిప్పి ఉంచేది, జీవితంలో ఏ నేర్చుకునేవాడికీ చెప్పని పని. రాత్రిళ్ళు పడగ్గది గోడ అవతల పిల్ల మంచం కిర్రుమంటూనే ఉండేది. పిల్ల పడుకోలేదని తెలుసు, తనూ పడుకోలేదు గనక తెలుసు. ఇద్దరూ గోడకు చెరోవైపు మేలుకుని, ఒకరికొకరు నిద్ర నటించుకుని, పొద్దున్నే ఎర్రకళ్ళతో ఎదురుపడేవాళ్ళు. ఎందుకిలా ఉన్నావని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

ఇక్కడికి మొదటిసారి వచ్చినప్పుడు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఒకావిడ ఎదురొచ్చింది, మెడలో తాడుకి తాళాలగుత్తి. మీరు ఇక్కడ హెడ్డా అంటే, "అబ్బే, నేనేం కాదండీ. తాళాలు నా దగ్గరుంటాయి, అంతే" అంది. అప్పటినుంచీ ఆమె మనసులో తాళాలావిడే. ముగ్గురూ ముక్కాలి పీటల మీద కూర్చున్నారు. తాళాలావిడ పిల్లనడిగింది, నీకేమంటే ఇష్టం అని. "దానికి బొమ్మలు వెయ్యడం ఇష్టమండీ" అంది తల్లి. నీకు ఇక్కడ ఎలా అనిపిస్తోంది అని పిల్లనే అడిగింది. "బానే ఉందంటోందండీ, కొత్త కదా" అంది తల్లి. తాళాలావిడ మళ్ళీ పిల్లవైపే తిరిగి, నీళ్ళు కావాలా అని అడిగింది. "ఇప్పుడే తాగిందండీ" అని అనేశాక, ఆ మూడోదానికి తన గొంతు తనకే వినబడింది. ఎవరూ నవ్వలేదు. తాళాలావిడ లేచి, వెళ్ళి, ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి ఇద్దరికీ మధ్య నేలమీద పెట్టింది. పిల్ల ఆ గ్లాసు ఎత్తి గటగటా ఖాళీ చేసింది. అంత దాహం వేసిందని నాకెందుకు చెప్పలేదే అని దారంతా సాధించింది ఆమె. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ తరవాతైనా బుద్ధి రావాలా. రాలేదు. ఊరికే కూర్చునే రోజులైతే మాత్రం, ఖాళీ చేతులతో పిల్లను ఎలా పంపుతారు ఎవరైనా. సంచిలో రంగుపెన్సిళ్ళు పెట్టింది, ఊలు ఉండలు పెట్టింది, ముక్కలు కలిపి బొమ్మ చేసే డబ్బా పెట్టింది, ఒక కత్తెర, మందపాటి కాగితాలు. సాయంత్రం సంచి తెరిచి చూస్తే పెట్టినవి పెట్టినట్టే. మర్నాడు ఇంకొన్ని పెట్టింది, ఈసారి పుస్తకాలు. అవీ తిరిగొచ్చాయి, పేజీ మడత లేకుండా. సంచి బరువు పెరుగుతోంది, పిల్ల భుజం వాలిపోతోంది. ఒకరోజు తాళాలావిడ కారు దాకా వచ్చి, ఏమీ అనుకోకండి, ఆ సంచి ఇంటి దగ్గరే ఉంచండి, ఏం చేశావని సాయంత్రాలు అడక్కండి అని చెప్పి వెళ్ళింది. అడక్కుండా ఎలా ఉంటాను, నాకు కడుపు ఉబ్బిపోదూ. ఇంటికి వెళ్ళే దారిలో నోరు కట్టుకుని కూర్చుని, మలుపు మలుపుకీ మింగుతూ, చివరికి వీధి మొదట్లో, "ఇవాళ ఏం..." అని మొదలుపెట్టి, "ఏం ఎండో" అని ముగించింది. బయట మబ్బు పట్టి ఉంది. పిల్ల మొహంలో నవ్వులాంటిదేదో ఒకటి వచ్చి పోయిందా, లేక కారు గతుకులో పడ్డప్పుడు అలా అనిపించిందా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతోంది.

ఫోను మోగింది. మొగుడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది, ఎప్పుడు మాట్లాడినా బావిలోంచి మాట్లాడినట్టుంటుంది గొంతు. "లేచిందా?" అన్నాడు. లేవలేదంది. "నువ్వెళ్ళి లేపకు." లేపడం లేదు, కారులోనే ఉన్నానంది. "కారులో ఎందుకున్నావసలు, ఇంటికెళ్ళి కాసేపు నడుం వాల్చొచ్చు కదా. తెల్లవారుజామునే లేచావు." తనొక్కతే లేచినట్టు, అతను లేవనట్టు. అతని గొంతులోనూ ఇసుక ఉంది, రెండు రోజులుగా ఎవరి భవనంలోనో పాడైపోయిన మోటారు దగ్గరే పడి ఉన్నాడు. అటు ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు. తరవాత అతనే అన్నాడు, "అడగందే అమ్మయినా పెట్టదంటారు. మనింట్లో అమ్మ అడక్కముందే పెడుతుంది. దానికిక అడగడం ఎలా వస్తుందే." వెక్కిరింతగా అనలేదు, లిఫ్టులో ఏ తీగ తెగిందో చెప్పినట్టు చెప్పాడు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. మీరు మహా పెట్టకుండా ఉన్నట్టు అని ఏదో అంది. అతను నవ్వి, "సరే, ఏదైనా నాకు చెప్పు" అని పెట్టేశాడు. సోమవారం సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తకపోయినా అది అక్కడే ఉంది, గేటు, హారన్లు, జడ, తలుపు బాదడం. మళ్ళీ ఆ పొద్దున్నలు తన వల్ల కావు. కావు గాక కావు. పిల్ల వల్ల అవుతుందా కాదా అని అందరూ అడుగుతున్నారు, తన వల్ల అవుతుందా అని ఎవరూ అడగలేదు, అడిగితే మాత్రం ఏమని చెప్పేది, అమ్మ అన్నాక.

పోనీ వెళ్ళి లేపుదామా. లేపి, చెవిలో చెబుదామా, ఒక్క ముక్క చాలు తల్లీ, చేరతానను, మిగతాది నేను చూసుకుంటాను. కాలు ఇంకా గట్టిగా ఆనింది బ్రేకు మీద. ఇక్కడే గుర్తొచ్చాడు క్లచ్ తాతగారు. ఉద్యోగం దిగాక నేర్చుకోడానికొచ్చిన పెద్దాయన, ఎన్ని నెలలు నేర్పినా క్లచ్ మీదనుంచి కాలు తీసేవాడు కాదు, బ్రేకు వేసేవాడు కాదు. ఎదురుగా గోడ వస్తున్నా, లారీ వస్తున్నా, హాయిగా, ప్రశాంతంగా, పొలం గట్టున కూర్చున్నవాడిలా. ఏమిటండీ తాతగారూ, బ్రేకు వెయ్యరేం అని ఒకరోజు కోప్పడింది. "నువ్వేస్తావుగా అమ్మా" అన్నాడు ఆయన. "నువ్వేస్తావని తెలిశాక నా కాలు పడి చావట్లేదు." ఆ మాట పట్టుకునే ఆమె తన పద్ధతి ఒకటి పెట్టుకుంది, డ్రైవింగ్ స్కూలు ఓనరుకు కూడా చెప్పకుండా. ఎవరికైనా సరే చివరి క్లాసు నాడు, ఊరి బయటి రోడ్డు ఎక్కాక, చెప్పులు విప్పేసి కాళ్ళు రెండూ ఎత్తి సీటు మీద మడుచుకు కూర్చునేది, అవతలివాళ్ళకు కనబడేలాగా. ఇక నా వైపు బ్రేకు లేదు, మీదే మీరు చూసుకోండి అని. నోటితో చెబితే పని జరగదు, కాళ్ళు కనబడాలి. తాతగారు ఆ రోజు చెమటలు కక్కాడు, కక్కి మొట్టమొదటిసారిగా బ్రేకు వేశాడు, అడ్డొచ్చిన మేకకు. ఆ మేకకు దండం పెట్టాలనిపించింది నాకు అనేవాడు తరవాత. చిన్న మేడమ్‌కు అదొక ఆట. వెనకనుంచి సీట్ల సందులోంచి తల దూర్చి, అమ్మ కాళ్ళు పైనున్నాయా కిందున్నాయా చూసి, పైనుంటే చప్పట్లు కొట్టి చెప్పేది, "చివరి క్లాసు! చివరి క్లాసు!" ఆ రోజు దానికి ఐస్‌క్రీము దొరికేది, నేర్చుకున్నవాళ్ళు కొనిపెట్టేవాళ్ళు.

ఎంతమందికి ఎత్తింది ఆ కాళ్ళు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు, స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణికేవాళ్ళకు, మొగుడికి చెప్పకుండా నేర్చుకోడానికొచ్చిన కుట్టుమిషనావిడకు. ఇంట్లోదానికి మాత్రం ఎత్తలేదు. ఇల్లు ఊరి బయటి రోడ్డు కాదు మరి, ఎత్తితే ఏమవుతుందో. ఏమవుతుంది? తన తల్లి ఉండేది, గంపెడు సంసారం ఈది ఈది, సాయంత్రమయ్యేసరికి గోడకు జారగిలబడి, ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అని కళ్ళు మూసుకునేది, ఊరకుండటం ఆవిడ బతుకులో ఎప్పుడూ చేతకాలేదు, ఆ సామెత చెప్పేంతసేపే ఊరకుండేది. తనదీ ఆ రక్తమే. ఈ తొడనరం ఒకటి, ప్రాణం తోడేస్తోంది. పాదాలు తిమ్మిరెక్కి ఎవరివో అయినట్టున్నాయి. చెప్పులు విప్పింది. కాసేపే, ఆ తిమ్మిరి వదిలేదాకా, అనుకుని కాళ్ళు రెండూ పైకి లాక్కుని సీటు మీద మడుచుకుంది, తల తలుపుకు ఆనించింది. అద్దం చల్లగా ఉంది. అక్కడినుంచి కూడా ఆ జానెడు కనబడుతుంది, పాదాలు కనబడతాయి, కళ్ళు మూస్తే కదా ప్రమాదం, మూయదు. సోఫా వెనకాల గోడకు స్టూడియోవాళ్ళు వదిలేసి వెళ్ళిన పెద్ద తెర ఉంది, మొదటిరోజు చూసింది, నీలంరంగు చెరువూ దానిమీద ఒక పడవా, ఎన్ని కుటుంబాలు ఆ చెరువు ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డాయో, కదలకండి కదలకండి అని ఆ ఫొటోగ్రాఫరు ఎంతమందిని అని ఉంటాడో, కదలడం లేదు బాబూ, అది పొద్దుటినుంచీ కదలడం లేదు, పడవ మాత్రం కొద్దిగా కదులుతోంది, పడవకు బ్రేకు ఉండదు, క్లచ్ తాతగారు తెడ్డు వేస్తున్నారు, సీటు సర్దుకోండి, అద్దం చూసుకోండి, అద్దంలో ఎవరో వెనక్కి తిరిగి చూస్తున్నారు, ఈసారి తిప్పకూడదు అద్దం, చూడాలి, చూస్తాను, అమ్మ కూడా ఉంది పడవలో, గోడ లేకపోయినా జారగిలబడి, ఎవరూ ఎవరినీ లేపడం లేదు, నీళ్ళ చప్పుడు, గ్లాసులోంచి గటగటా తాగినట్టు నీళ్ళ చప్పుడు.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు గాని, అంత ఇరుకు సీట్లో, మెడ వంకరపోయి, నోరు తెరుచుకుని ఆమె పోయిన నిద్ర ఈ మధ్యకాలంలో ఏ పరుపు మీదా పోలేదు. కళ్ళు తెరిచేసరికి వీధిలో ఎండ లేదు. ఎదురుగా దుకాణాల దీపాలు వెలిగాయి. జానెడు అద్దంలో ఆ వెలుగుకి సోఫా చెయ్యి మసగ్గా ఉంది, పాదాలు లేవు. లోపల దీపం కూడా లేదు. తలుపుకు తాళం వేలాడుతోంది. అయిపోయింది, అందరూ కూర్చున్నారు, లేచారు, వెళ్ళిపోయారు, నేను లేపలేదు, ఎవరూ లేపలేదు, అది నోరు తెరవలేదు, సోమవారం, గేటు, హారన్లు. పిల్లెక్కడ? తలుపు తియ్యబోతే పిడి దొరకలేదు. అప్పుడు పక్కనుంచి ఊపిరి వినబడింది.

స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది కూతురు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎదుటి అద్దంలోంచి వీధిని చూస్తూ. ఎంతసేపట్నుంచి అలా కూర్చుందో. తన మీద దాని స్వెట్టరు కప్పి ఉంది.

"లేపొచ్చు కదే" అంది ఆమె.

"పడుకున్నావు కదా" అంది కూతురు.

అడగకూడదు. అడిగితే మళ్ళీ మొదటికొస్తుంది. ఆమె స్వెట్టరు అంచు పట్టుకుని నలిపింది, ఒక దారప్పోగు చేతికొచ్చింది, దాన్ని వేలికి చుట్టింది. వీధిలో ఒక సైకిలు వెళ్ళింది. దాని వెనక ఇంకొకటి.

"చెప్పాను" అంది కూతురు.

"ఏమని?" అనేసింది, నాలిక్కరుచుకుంది.

"చేరతానని. ఏం కావాలో చెప్పమన్నారు. నేను పడుకుంటే లేపొద్దన్నాను."

ఆమె వేలికి చుట్టిన దారం విప్పింది. "దానికేమన్నారు?"

"మాట్లాడుకున్నారు చాలాసేపు. గడియారాలబ్బాయి, మంటలొస్తేనో అన్నాడు. అప్పుడు లేపొచ్చన్నాను. తాళం వేసేటప్పుడు కూడా లేపుతామన్నారు. సరే అన్నాను. ఎప్పుడూ ఇలా పడుకునే ఉండనులే అమ్మా. ఇంకొన్ని రోజులు, అంతే."

ఇన్ని మాటలు ఒక్కసారి విని ఎన్నాళ్ళయింది. ఆమె కదలకుండా కూర్చుంది, కదిలితే ఆగిపోతాయేమోనని. గది తెరవని రోజుల్లో ఇంట్లో ఒక్కత్తీ ఏం చేస్తుంది, పరీక్షలు ఎప్పుడు రాస్తుంది, రాస్తుందా అసలు, ఇంట్లోవాడికి ఎలా చెప్పాలి, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి, హారన్లు కొట్టాయి. వాటిని అలాగే నిలబెట్టింది.

"లేచాక కళ్ళు నులుముకుంటూ అద్దంలోంచి చూశాను" అంది కూతురు, ఇప్పటికీ వీధినే చూస్తూ. "చెప్పలేననుకున్నా. ఇంటికెళ్ళాక నా బదులు నాన్నకు నువ్వే ఏదో ఒకటి చెప్తావులే అనుకున్నా. నువ్వు కాళ్ళు మడుచుకుని కనబడ్డావు. సీటు మీద." స్టీరింగ్ అంచు మీద వేలు రాసింది. "చివరి క్లాసేమో అనుకున్నా."

తిమ్మిరెక్కి మడుచుకున్నానే అని చెప్పబోయింది. నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు నోటిదాకా వచ్చినవి వచ్చినట్టు అనేసిందో, ఈ ఒక్కదాన్ని మింగింది. కళ్ళు మండాయి. స్వెట్టరుతో మొహం తుడుచుకుంది, తుడుచుకోవడం పిల్ల చూసినా చూడనట్టే ఊరుకుంది.

"నాన్నకు ఫోను చెయ్యనా?" అంది కూతురు. "నేనే చెప్తాను. ఏదో లిఫ్టులో ఉంటారు కదా, గట్టిగా చెప్పాలి."

చెప్పింది. ఒక్క ముక్కలోనే చెప్పింది. అటునుంచి ఏమన్నాడో వినబడలేదు, పిల్ల మాత్రం రెండుసార్లు ఊఁ అంది, ఒకసారి నవ్వింది. ఆ నవ్వు పాతదే.

ఇంటికి వెళ్ళాలంటే సీట్లు మారాలి, ఈ పిల్లకు స్టీరింగ్ పట్టుకునే వయసు ఇంకా రాలేదు. ఆమె చెప్పులు వెతుక్కుని తొడుక్కుంది, కాళ్ళు నేలమీద పెడితే ఇంకా సూదులు గుచ్చినట్టున్నాయి, కుంటుకుంటూ అటు తిరిగి వెళ్ళింది. ఎదురుగా కూతురు ఇటు వస్తూ కారు ముందు ఆమెను రాసుకుంటూ వెళ్ళింది. ఆమె స్టీరింగ్ ముందు కూర్చుని సీటు సర్దుకుంది. అద్దం చూసుకుంది, చూసి, కొంచెం పక్కకు తిరిగి ఉన్నదాన్ని తిన్నగా పెట్టింది. ఒళ్ళంతా పులిసిపోయి ఉంది, ఇంటిదాకా ఈ కాళ్ళు ఎలా నడుపుతాయో. తాళం చెవి తిప్పబోతూ పక్కకు చూసింది. కూతురు బూట్లు విప్పి కింద పెట్టి, చిరిగిన మేజోళ్ళతోనే కాళ్ళు రెండూ పైకెత్తి సీటు మీద మడుచుకుని కూర్చుంది.

"పోనివ్వమ్మా" అంది.